అరచేతిలో రోల్ నంబరు

బస్సు సగం దారిలో ఆయాసపడి ఆగిపోయింది. ఆగితే ఆగింది గానీ, ఏ పొలాల మధ్యో ఆగకుండా ఓ బస్టాండు దాకా ఈడ్చుకొచ్చి ఆగింది. డ్రైవరు బానెట్ ఎత్తి తల లోపలికి దూర్చాడు. కండక్టరు బయట నిలబడి ఆ వీపుతో మాట్లాడుతున్నాడు. "ఇంకో బండి వస్తుంది, అందులో ఎక్కిస్తాం, ఎవరూ ఎటూ పోకండి" అని ఒక మాట వినబడింది, ఇద్దరిలో ఎవరన్నారో తెలియలేదు. దిగిన జనం ఇలాంటప్పుడు మనుషులు చేసే పనులన్నీ చేశారు. కొందరు లోకాన్ని తిట్టారు. ఒకాయన టైరును కాలితో తన్ని చూసి, ఏదో తేలినట్టు తల పంకించాడు. చెడింది ఇంజను, టైరు కాదు.

అందరికంటే ఆఖరున దిగిన మనిషికి అరవై ఒకటి నిండాయి. చంకలో అట్ట ఫైలు, జేబులో మూడు పెన్నులు. పదకొండు గంటలకు ఓ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలకు ఉద్యోగం వెతుక్కోవడం గురించి మాట్లాడాలి. రిటైరై ఏడు నెలలైనా ఇంకా పిలుస్తున్నారు, ఈయనా వెళ్తున్నాడు. ఆ ఉపన్యాసం నోటికి ఎంత అలవాటైపోయిందంటే, నోరు దాని పని అది చేసుకుపోతుంటే ఆయన కిటికీలోంచి బయటి చెట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

సిమెంటు బల్ల మీద చోటు చూసుకుని కూర్చోబోతున్నాడు. నెత్తి మీది లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"ప్రయాణికులకు గమనిక. నాలుగో ప్లాట్‌ఫారం దగ్గర ఆగిపోయిన బస్సులో వచ్చిన నమూనా సారు ఎక్కడున్నా వెంటనే ఎంక్వయిరీ కౌంటరు దగ్గరికి రావాలి. నమూనా సారు. కంగారుపడాల్సిందేమీ లేదు సార్, ఊరికే."

బస్టాండు మొత్తం నవ్వింది. టైరు తన్నినాయన "ఇదేం పేరండీ బాబూ" అని పక్కవాణ్ణి అడిగాడు. ఆ పేరుగలాయన మాత్రం నవ్వలేదు, సిగ్గూ పడలేదు. ఎవరో సంతకం పెట్టమన్నట్టు అటు నడిచాడు.

పేరు సంగతి ఇక్కడే చెప్పుకుంటే ఓ పనైపోతుంది. ఆయన ఇరవై ఆరేళ్ళు ఒకే కాలేజీలో ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా చేశాడు. కంపెనీలను కాలేజీకి రప్పించడం, పిల్లలను కంపెనీల ముందు కూర్చోబెట్టడం ఆయన ఉద్యోగం. దర్జీ చేసిన తప్పు తొడుక్కున్నవాడి భుజం దగ్గర బయటపడుతుంది. తాపీమేస్త్రీ తప్పు మొదటి వానకే కారుతుంది. ఈ ఉద్యోగంలో తప్పు చేస్తే అది ఇంకొకరి బతుకులో ఎక్కడో పడి ఉంటుంది, ఆ మనిషికే తెలియకుండా. అందుకే ఆయన మహా జాగ్రత్తగా ఉండేవాడు. బయోడేటా ఎలా రాయాలో నోటితో చెబితే పిల్లలు చెవిన వేసుకోరని ఒక నమూనా రాసి, జిరాక్సు తీయించి, గది బయట కట్టగా వేలాడదీశాడు.

దాంతోనే తలనొప్పి మొదలైంది. పిల్లలు నమూనాను చూసి రాయలేదు, నమూనానే రాశారు. అందులో అభిరుచుల కింద పాత నాణేలు సేకరించడం అని ఉంటే, ఆ ఏడాది కాలేజీలో నూట పద్నాలుగు మంది నాణేలు సేకరించారు. ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి ఒకడు ముచ్చటపడి, "ఏదీ, ఒకటి చూపించు" అంటే, ఆ పిల్లవాడు జేబులోంచి బస్సు చిల్లర తీసి పెట్టాడట. ఫోన్ నంబరు కూడా ఆయన ఊహించి వేసిందే. కాకపోతే ఆ నంబరుతో నిజంగానే ఒక మాంసం కొట్టు ఉంది. కంపెనీలవాళ్ళు ఫోన్ చేసి "మీ కెరీర్ లక్ష్యం ఏమిటండీ" అని అడిగితే కొట్టతను రెండు నెలలు ఓర్చుకుని, మూడో నెల కత్తి కడుక్కోకుండానే కాలేజీకి వచ్చాడు. ఆ తర్వాతే ఆయన నమూనాలో తన నంబరు వేశాడు. మార్చడం మరిచిపోయిన వెధవాయిల ఫోన్లు కనీసం తనకే వస్తాయని.

వచ్చేవి. ఏడాదికి పదో పన్నెండో. "హలో, ఫలానా అమ్మాయేనా?" అని ఎవరైనా అడిగితే ఆ బొంగురు గొంతుతోనే "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని, ఫోన్ పట్టుకుని చెప్పులు టపటపలాడించుకుంటూ వరండాల వెంట పరుగెత్తేవాడు. క్లాసులో దూరి ఫోన్ అందించి, రొప్పుతూ గోడకి ఆనుకునేవాడు. "మీ ఫోనుకి పుట్టిన బిడ్డల్ని లెక్కపెట్టలేక చస్తున్నాను" అనేది భార్య. అలా ఆయన నమూనా సారయ్యాడు, ఎదుటే అన్నా ఏమీ అనుకునేవాడు కాదు.

ఎంక్వయిరీ కౌంటరంటే మూడు వైపులా అద్దాలు, ఒక మైకు, టైములు అతికించిన అట్ట, మూతి విరిగిన మంచినీళ్ళ కూజా. లోపల ముప్పై దాటిన మనిషి లేచి నిలబడి ఉంది.

"గుర్తుపట్టారా సార్?"

ఆయనకు మొహాలు గుర్తుండవు, పేర్లు అసలే ఉండవు. అయినా ఆమెను చూడగానే ఒక నంబరు బుర్రలో టక్కున వెలిగింది. రోల్ నంబరు నాలుగు వందల పదిహేడు. స్టాటిస్టిక్స్ డిగ్రీ.

"ఆ. పట్టానమ్మా" అన్నాడు.

"అబద్ధం! మా కాలేజీ నుంచే పదివేల మంది వెళ్ళుంటారు మీ చేతుల మీదుగా. రండి, వెనకవైపు తలుపుంది. స్టూలు కాస్త ఊగుతుంది, జాగ్రత్త. మైకులో అలా పిలిచానని కోపమా?"

"కోపం ఎందుకు."

"అసలు పేరు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు సార్. నిజంగా. దిగేటప్పుడు అద్దంలోంచి చూశాను. మూడు పెన్నులు కనబడ్డాయి, మన సారే అనుకున్నాను."

ఆయన కూర్చున్నాడు. స్టూలు ఊగింది. ఆమె కూజాలోంచి నీళ్ళు పోసి ఇచ్చింది. మధ్యలో ఒక ముసలావిడ అద్దం తడితే "రెండో ప్లాట్‌ఫారం పెద్దమ్మా, పావుగంట ఉంది, పరిగెత్తకు" అని చెప్పింది. చెప్పినంతసేపూ ఆవిడ మొహంలోకే చూసింది. ఇలా చూసి చెప్పేవాళ్ళు తక్కువ. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని తూచీ తూచీ ఆయన కన్ను అలాంటివి దానంతట అదే లెక్కగడుతుంది.

"దేవుడు పంపినట్టు వచ్చారు సార్" అంటూ ఆమె సొరుగు లాగి రెండు కాగితాలు తీసింది. "రేపు నాకు ఇంటర్వ్యూ. ట్రాఫిక్ సూపర్‌వైజర్, బస్సుల రాకపోకలు చూసే పని. ఇక్కడ ఆరేళ్ళ నుంచి కాంట్రాక్టు మీద అరుస్తున్నాను, ఇది పర్మనెంటు. ఒకసారి చూసిపెట్టండి. నంబరు మార్చాను, భయపడకండి."

"మార్చావా?"

"మాలో సగం మంది మీ నంబరుతోనే పంపేవాళ్ళం కదా."

ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు. "నువ్వూ పంపావా?"

"ఏమో సార్, గుర్తులేదు. పంపి ఉంటే మీరు చెప్పులు టపటపలాడిస్తూ వచ్చేవారుగా!" అని ఆమె నవ్వి, టైము చూసుకుని మైకు అందుకుంది. తొమ్మిదిన్నర బస్సు ఒకటో ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందని మూడుసార్లు చెప్పింది.

ఆ మూడుసార్లూ ఆయన కౌంటరు మీది పెన్సిలుతో ఆశయం అన్న పేరా మొత్తం కొట్టేస్తూ గడిపాడు. "ఇది తీసెయ్. మొదటి అయిదు లైన్లే చదువుతారు, మిగతాదాని బరువు చూస్తారంతే. ఆరేళ్ళలో ఏం చేశావో పైన రాయి. రోజుకు ఎన్ని బస్సులు?"

"రెండు వందల నలభై."

"ఎన్నిసార్లు తప్పు చెప్పావు?"

"పోయిన ఏడు ఒకసారి. జలుబు చేసింది."

"అదీ రాయి. జలుబు వద్దు."

పని బాగానే సాగుతోంది. ఆయన చేతికి ఆ పని తెలుసు, మనసుతో అవసరం లేదు. రెండో పేజీ మధ్యకు వచ్చేసరికి పెన్సిలు ఆగింది. డిగ్రీ అయిన సంవత్సరానికీ, మొదటి ఉద్యోగానికీ నడుమ ఏమీ రాసి లేదు. మూడేళ్ళు.

"అక్కడే సార్" అంది ఆమె, ఆ పెన్సిలు కోసమే కాచుకున్నట్టు. "పోయినసారీ అక్కడే పట్టుకున్నారు. ఈ మూడేళ్ళు ఏం చేశారమ్మా అన్నారు. నీళ్ళు నమిలాను. అంతే, పంపేశారు. ఇంట్లో ఖాళీగా లేను సార్, మా వదినా నేనూ చొక్కాలకు కాజాలు కుట్టేవాళ్ళం. అది చెప్పచ్చు. కానీ డిగ్రీ పెట్టుకుని కాజాలెందుకు కుట్టావంటే ఏం చెప్పను?"

"ఎందుకు కుట్టావు?"

అడగకుండా ఉండవలసిన ప్రశ్నే. కానీ పిల్లలకు పెట్టే మాక్ ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్న అదే, నోరు అలవాటుగా అడిగేసింది.

ఆమె అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "నీటి మీటర్ల కంపెనీ వచ్చింది, గుర్తుందా? నాణ్యత విభాగానికి. నా ఇంటర్వ్యూ ఎంత బాగా జరిగిందంటే, ఇంటికెళ్ళి మా అన్నయ్యతో వచ్చేసినట్టే అని చెప్పేశాను. అన్నయ్య వీధంతా చెప్పాడు. ఇంక వేరేవాటికి పంపలేదు. వస్తుంది వస్తుంది అని కూర్చున్నాను. ప్రతి బుధవారం మీ దగ్గరికి వచ్చి అడిగేదాన్ని కూడా. రాలేదమ్మా అనేవారు, పాపం, మీరే బాధపడేవారు. ఆ తర్వాత ఏదో అయిపోయింది సార్ నాకు. ఆ ఇంటర్వ్యూలో ఏదో వెధవ మాట అనేశాను, అందుకే తీసుకోలేదు అనుకున్నాను. ఏ మాటో తెలియదు. కాజాలు కుడుతూ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ మళ్ళీ చెప్పుకునేదాన్ని, ఎక్కడ అన్నానా అని. మూడేళ్ళు వెతికాను. మళ్ళీ ఎవరి ఎదుటైనా కూర్చుంటే అదే మాట అనేస్తానేమోనని ఎక్కడికీ వెళ్ళలేదు. ఇది ఇంటర్వ్యూలో ఎలా చెప్పమంటారు, మీరే చెప్పండి."

మనిషి రాయడం నేర్చి వేల ఏళ్ళయింది. రాతి మీద చెక్కాడు, ఆకు మీద గీశాడు, తోలు మీద, రేకు మీద, ఇటుక మీద రాశాడు. అవన్నీ తవ్వి తీసి గాజు పెట్టెల్లో పెట్టుకున్నాం. అరచేతిలో రాసుకున్నవి మాత్రం ఒక్కటీ దక్కలేదు. ఎన్ని కబుర్లు, ఎన్ని లెక్కలు అలా రాసుకున్నాడో ఎవరికెరుక. అన్నం వేళకు కడిగేసుకున్నాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక గురువారం మధ్యాహ్నం మీటర్ల కంపెనీవాళ్ళు ఆయనకు ఫోన్ చేశారు. ఆ రోజు కాలేజీలో ఇంకో పెద్ద కంపెనీ పరీక్ష, మూడు వందల మంది, ఫ్యాన్లు తిరగడం లేదు. నాలుగు వందల పదిహేడును తీసుకున్నాం, శుక్రవారం సాయంత్రంలోగా వస్తున్నట్టు ఒక మాట చెప్పించండి అన్నారు. "తప్పకుండానండీ" అన్నాడు. కాగితం అందలేదు. ఎడమ అరచేతిలో 417 అని రాసుకున్నాడు. రెండున్నరకు భోజనానికి వెళ్ళాడు. సబ్బు పెట్టి రెండు చేతులూ రుద్దుకున్నాడు.

జరిగింది ఇంతే. ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగుండకపోలేదు. ఆయన మనసు ఇంకెక్కడో ఉండటమూ కాదు. మామూలుగా భోంచేశాడు. సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. నురగ నోటితోనే ఫోన్ చేశాడు. "జవాబు రాలేదు కదండీ, తర్వాతి అభ్యర్థిని తీసుకున్నాం" అన్నారు, మర్యాదగానే.

బుధవారం ఆమె వచ్చింది. ఆ అమ్మాయికి చెప్పెయ్యాలనే అనుకున్నాడు. నోరు తెరిస్తే "రాలేదమ్మా" అని వచ్చింది. పై బుధవారానికి అది మరీ తేలికగా వచ్చింది. ఎనిమిది బుధవారాల తర్వాత ఆమె రావడం మానేసింది. ఆయనలో ఏదో ఒక మూల తిమ్మిరెక్కింది. తిమ్మిరెక్కిన కాలు నొప్పి పెట్టదు. దాని మీద బరువు వేసే దాకా అది ఉన్నట్టే తెలియదు. ఆయన దాని మీద ఎప్పుడూ బరువు వేయలేదు. జేబులో మూడు పెన్నులకు తోడు ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, ఉద్యోగం చేసుకుంటూ పోయాడు.

ఇప్పుడు చెప్పకుండా లేచిపోవచ్చు. బస్సు వస్తుంది, ఎక్కచ్చు. "కుటుంబ కారణాలు అని చెప్పమ్మా" అంటే ఆమె రాసుకుంటుంది కూడా. వందల మందికి ఆయన ఇచ్చిన మాటే అది. అది ఇస్తే రేపు మళ్ళీ నీళ్ళు నములుతుంది, లేని వెధవ మాట కోసం మళ్ళీ వెతుక్కుంటుంది. ఈ రెండు సంగతులూ ఆయనకు స్పష్టంగా కనబడ్డాయి, బస్సుల టైముల అట్ట కనబడినట్టు.

"నువ్వు ఏ మాటా అనలేదు" అన్నాడు.

"అంటే?"

"వాళ్ళు నిన్ను తీసుకున్నారు. నాకు ఫోన్ చేశారు. నీ బయోడేటాలో నా నంబరుంది. చేతిలో రాసుకున్నాను, భోజనానికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. మళ్ళీ గుర్తొచ్చేసరికి నాలుగు రోజులైంది. నీకు చెప్పలేదు."

ఇంతకంటే పెద్దదిగా ఉంటుందనుకున్నాడు. తొమ్మిదేళ్ళు మోసింది ఆరు వాక్యాల్లో అయిపోయింది. గుండె గబగబా కొట్టుకుంటుందేమోనని చూశాడు. కొట్టుకోలేదు. స్టూలు ఊగకుండా కాలు ఆనించి కూర్చున్నాడు.

ఆమె అద్దం వైపు తిరిగింది. సంచులు మోసుకుని ఎవరో వచ్చి ఏదో ఊరి బస్సు అడిగితే "వెళ్ళిపోయిందన్నా, ఇంకోటి పదింటికి" అంది. సంచులతను గొణుక్కుంటూ వెళ్ళాక ఇటు తిరిగింది.

"ఏ రోజు సార్ ఫోన్ వచ్చింది?"

"గురువారం."

"ఆ గురువారం నేను కాలేజీలోనే ఉన్నాను. టీసీ కోసం వచ్చాను. మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. మీరు చేతులు తుడుచుకుంటూ వచ్చి, భోంచేశావా అమ్మా అని అడిగారు."

ఆయనకు అది గుర్తులేదు. గుర్తులేదని చెప్పాడు.

"నాకుంది. లేదు సార్ అంటే, ఆకలి కడుపుతో తిరగకూడదు, వెళ్ళి తినిరా అన్నారు. వెళ్ళి తిన్నాను." ఆమె టైముల అట్ట అంచున లేచిన అతుకును వేలితో అదిమింది. అది మళ్ళీ లేచింది. "ఎంతమందిలో తీసుకున్నారు?"

"అరవై మందిలో ఇద్దరిని."

"ఏమన్నారు ఫోన్‌లో? వాళ్ళ మాటలే చెప్పండి, మీ మాటలు వద్దు."

అది మాత్రం ఆయనకు గుర్తుంది. "ఈ అమ్మాయి మాకు కావాలండీ, మా పట్టికలో తప్పుంటే తప్పని మొహం మీదే చెప్పింది, మిగతావాళ్ళంతా బాగుందన్నారు. ఇవీ వాళ్ళన్న మాటలు."

"తప్పు ఉంది సార్ దాంట్లో. మూడో వరసలో" అంది ఆమె. "వెతికినప్పుడల్లా ఆ మాటేనేమో అని కూడా అనిపించేది నాకు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పానని. అప్పటినుంచి ఎవరికీ ఇది తప్పని చెప్పలేదు."

గొంతు హెచ్చలేదు. ఏడుపూ లేదు. మైకులో చెబుతున్నట్టు ప్రతి మాటా విడివిడిగా ఉంది. తిడుతుందేమోనని ఆయన ఆగాడు, తిట్టలేదు. పోన్లెండి అంటుందేమోనని కూడా ఆగాడు, అదీ అనలేదు.

ఆమె కాగితాలు తన వైపు తిప్పుకుంది. ఖాళీ దగ్గర ఆయన పెట్టిన పెన్సిలు చుక్క మీద వేలుంచింది.

"అయితే రేపు అడుగుతారు. ఈ మూడేళ్ళు ఏమైందమ్మా అని. ఏం చెప్పమంటారు?"

ఇరవై ఆరేళ్ళలో ఏ పిల్లా ఏ పిల్లాడూ అడిగిన ఏ ప్రశ్నకూ ఆయన దగ్గర జవాబు లేకుండా పోలేదు. బలహీనత ఏమిటంటే ఏం చెప్పాలి, ఓడిపోయిన సంగతి అడిగితే ఎలా మొదలెట్టాలి, చెమట పట్టిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ ఉన్నాయి ఫైలులో. ఆయన ఫైలు తెరవలేదు.

"నాకు తెలియదమ్మా" అన్నాడు.

"మీకు తెలియకపోతే ఎలా?" అందామె. అడిగినట్టు లేదు, దెప్పినట్టూ లేదు. అద్దం అవతల నలుగురు పోగయ్యారు. నాలుగో ప్లాట్‌ఫారం మీదికి ఇంకో బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఇటు చూసి చెయ్యి ఊపాడు. ఆమె తల ఊపి, కాగితాలు మడిచి సొరుగులో పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంది. మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుంది.

"ప్రయాణికులకు గమనిక. ఆగిపోయిన బస్సులోని ప్రయాణికులు నాలుగో ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు ఎక్కవలసిందిగా కోరుతున్నాం."

రెండోసారి చెబుతుండగా ఆయన లేచాడు. ఆమె వీపు ఇటే ఉంది, జడ, దానికి ఎర్ర రబ్బరు బ్యాండు. వెళ్ళొస్తానమ్మా అన్న మాట ఇలాంటప్పుడు అనాలని ఆయనకు తెలుసు. ఏ ఇంటర్వ్యూ గదిలోంచైనా లేచి వచ్చేటప్పుడు ఎలా అనాలో కూడా పిల్లలకు నేర్పాడు. వెనకవైపు తలుపు చప్పుడు కాకుండా తీసి, బయటికి వచ్చి, మళ్ళీ చప్పుడు కాకుండా వేశాడు.

"పెద్దాయనా, ఇటు! ఇటు! మీ సీటు ఉంచాను" అని కండక్టరు కేకేశాడు.

ఆయన ఎక్కలేదు, బస్సు పక్క నుంచే నడిచిపోయాడు. టైరు తన్నినాయన కిటికీలోంచి తల పెట్టి ఏదో అన్నాడు. బస్టాండు గేటు దగ్గర ఒక మనిషి ఇనుప బకెట్టుతో మెట్లు కడుగుతున్నాడు. ఆ నీళ్ళు దాటి, రోడ్డు మీద ఎడమకు తిరిగాడు. ఆ రోడ్డు ఎటు పోతుందో ఆయనకు తెలియదు. కొట్లవాళ్ళు షట్టర్లు ఎత్తుతున్నారు. వెనక లౌడ్‌స్పీకరులో ఆమె మూడోసారి కూడా చెప్పింది, ఎక్కడా తడబడలేదు. ఆయన చంకలో ఫైలు సర్దుకుని నడుస్తూనే ఉన్నాడు.